కాగితం పాసయింది, పొగ అలాగే ఉంది!

పరవాడ: పాత బండి ఉన్నవాడికి ఏడాదికి రెండు పండుగలు అదనంగా వచ్చిపడ్డాయి. ఆరు నెలలకొకసారి బండిని పొగ పరీక్షకు తీసుకుపోవాలి. కంప్యూటర్ ముందు నిలబెట్టాలి. సి-బుక్కు చూపాలి, ఫోను నంబరు చెప్పాలి, రుసుం కట్టి కాగితం తెచ్చుకోవాలి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా అమలైన బీఎస్-4 రకం బండి, ఆ తర్వాతి బీఎస్-6 రకం బండి ఉన్నవారికి ఈ తిరుగుడు ఏడాదికొక్కసారే. కొని ఏడాది నిండని బండికి అసలు పరీక్షే లేదు. పాత బండి ఎక్కువ పొగ వదులుతుంది కాబట్టి చట్టం ఈ తేడా పెట్టింది. అందులో తప్పేమీ లేదు.

అయితే పాత బండి ఎవరి ఇంటి ముందు ఉందన్నది కూడా చూడాలి. ముత్యాలమ్మపాలెం రేవు నుంచి చేపల గంపలు మోసుకొచ్చే మోపెడ్, లంకెలపాలెం కూడలిలో దిగినవారిని లోపలి ఊళ్లకు చేరవేసే ఆటో, ఫార్మాసిటీ షిఫ్టు మారే వేళకు కూలీలను దించే పాత వ్యాను, ఇటుకా ఇసుకా మోసే మినీ లారీ - మండలంలో పాత బండ్లంటే ఇవే. షోకుకు పాత కారు ఉంచుకున్నవారు ఎక్కడో ఒకరిద్దరుంటారు. తక్కినవారందరికీ పాత బండే పొట్టకూడు. కొత్తది కొనగలిగితే ఎప్పుడో కొనేవారు.

పొగ పరీక్ష అనేది నిన్న మొన్న పుట్టిన నిబంధన కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. వాటిలో 115వ నిబంధన ప్రకారం బండి రిజిస్టరై ఏడాది దాటాక కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. చాలాకాలం ఇది చేతిరాత వ్యవహారంగా నడిచింది. పెట్రోలు బంకు పక్కన ఒక వ్యాను, అందులో ఒక యంత్రం, ఒక కుర్రాడు, ఒక చీటీల పుస్తకం. బండిని చూడకుండా నంబరు చెబితే చాలు, కాగితం రాసి ఇచ్చేస్తారన్న పేరు ఆ వ్యాన్లకు ఊరికే రాలేదు. దీన్ని అరికట్టడానికి కేంద్ర రవాణా శాఖ 2021 జూన్‌లో దేశమంతటికీ ఒకే నమూనా కాగితం తెచ్చింది. దానిమీద గళ్ల ముద్ర ఉంటుంది. వివరాలన్నీ దేశమంతటికీ ఉన్న వాహన్ అనే ఒకే ఖాతాలోకి ఎక్కుతాయి. యజమాని ఫోను నంబరు తప్పనిసరి. బండి పరీక్ష తప్పితే, తప్పిన కారణం రాసిన తిరస్కరణ చీటీ ఇవ్వాలి. ఈ చివరిదే అన్నిటికంటె మంచి నిబంధన. దాని సంగతి తర్వాత.

ఉద్దేశ్యం మంచిదే అయినా, కంప్యూటర్ వచ్చాక పాత బండివాడి తిప్పలు రెండు రకాలయ్యాయి. ఒకటి కాగితాల తిప్పలు, రెండోది పొగ తిప్పలు. చిత్రమేమంటే చాలామంది మొదటి దానిలోనే అలిసిపోయి రెండోదాని దాకా వెళ్లడమే లేదు.

సి-బుక్కు ఒకరిది, బండి ఒకరిది

ఏపీ 31 నంబరుతో రోడ్డెక్కిన పాత బండ్లు ఈ ప్రాంతంలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి విశాఖపట్నం జిల్లా బండ్లు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో కొత్త వరుస మొదలైంది. 2022 ఏప్రిల్‌లో పరవాడ మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది, నంబరు మారలేదు, బండి మాత్రం ఈలోగా ముగ్గురు నలుగురి చేతులు మారింది. పాత బండి అమ్మకం మన ఊళ్లలో ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. డబ్బు చేతిలో పెడతారు, తాళం తీసుకుంటారు, సంతకం చేసిన ఫారాలు సీటు కింద పెట్టుకుంటారు. పేరు మార్పు మాత్రం ఎప్పటికో. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్ఫై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియపరచాలని మోటారు వాహనాల చట్టంలో 50వ సెక్షన్ చెబుతోంది. ముప్ఫై రోజులు ముప్ఫై నెలలైనా ఆ ఫారాలు సీటు కిందే ఉంటాయి.

చేతిరాత రోజుల్లో దీనివల్ల ఇబ్బంది కనిపించలేదు. ఇప్పుడు కంప్యూటర్ ఖాతాలో ఉన్న పేరు పాత యజమానిది, ఫోను నంబరు కూడా అతనిదే. ఇరవై ఏళ్ల కిందట రాసిన సి-బుక్కులకైతే ఫోను నంబరే ఉండదు. ఆ రోజుల్లో ఫోను ఉన్నవాడే అరుదు. పరీక్షకు పోయినవాడికి ముందు ఇది చక్కబెట్టుకు రమ్మనే మాట ఎదురవుతుంది. చక్కబెట్టుకోవాలంటే పేరు మార్పు కావాలి. పేరు మార్పుకు పోతే బీమా, పొల్యూషన్ కాగితం ఉన్నాయా అని అడుగుతారు. చుట్టూ తిరిగి కథ మొదటికే వస్తుంది. ఒక పూట ఆటో నిలిపితే ఆ పూట సంపాదన పోయినట్టే. రెండు మూడు పూటలు ఇలా తిరిగినవాడు చివరకు కాగితం లేకుండానే నడుపుదామనుకుంటాడు. రోడ్డు మీద పట్టుబడితే చూసుకుందాం అనుకుంటాడు.

పట్టుబడితే మాత్రం అది చిన్న విషయం కాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం కాలుష్య నిబంధన ఉల్లంఘనకు పదివేల రూపాయల వరకు జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. లైసెన్సును మూడు నెలలు నిలిపివేయవచ్చు కూడా. సవరణకు ముందు మొదటిసారి తప్పుకు వెయ్యి రూపాయలే ఉండేది. ఆటో డ్రైవరుకు జరిమానా కంటె లైసెన్సు పోవడమే పెద్ద దెబ్బ.

ఇక్కడ రెండు అపోహలను కూడా తొలగించుకోవడం మంచిది. పొల్యూషన్ కాగితం లేకపోతే బీమా చెయ్యరని చాలామంది నమ్ముతున్నారు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు అలాంటి షరతు పెట్టిన మాట వాస్తవమే. కానీ దానివల్ల లక్షలాది బండ్లు బీమా లేకుండా తిరుగుతున్నాయని, ప్రమాదంలో దెబ్బతిన్నవారికి పరిహారం అందడం లేదని బీమా సంస్థలు మొర పెట్టుకోగా, 2024 జులైలో అదే కోర్టు ఆ షరతును తొలగించింది. ప్రమాదం జరిగిన నాటికి పొల్యూషన్ కాగితం గడువు తీరిపోయి ఉంటే బీమా డబ్బు రాదన్న ప్రచారం రెండో అపోహ. ఆ ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించరాదని బీమా నియంత్రణ సంస్థ 2020 ఆగస్టులోనే స్పష్టం చేసింది. కనుక పొగ కాగితం గొడవలో పడి బీమాను వదులుకోవడం కంటె పెద్ద పొరపాటు ఉండదు.

గొట్టం ఏమి కొలుస్తుంది?

ఇక అసలు పరీక్ష. పెట్రోలు బండి అయితే ఇంజను వేడెక్కాక, బండి నిలిపి, యాక్సిలరేటర్ తిప్పకుండా, సైలెన్సర్‌లోకి ఒక సన్నని గొట్టం దూర్చుతారు. ఆ గొట్టం పీల్చిన పొగ యంత్రంలోకి పోతుంది. కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఆ పొగ గుండా పంపి, ఏ వాయువు ఎంత ఉందో యంత్రం లెక్క కడుతుంది. చూసేది ముఖ్యంగా రెండు. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ - పెట్రోలు సగం కాలినప్పుడు వచ్చే విషవాయువు. రంగూ వాసనా ఉండదు. రెండోది హైడ్రోకార్బన్లు - అంటే కాలకుండానే బయటపడిన పెట్రోలు ఆవిరి. పాత మోపెడ్ వెనక నడిచేవాడికి ముక్కు మండేది దీనివల్లనే.

డీజిల్ బండి పరీక్ష వేరు. అందులో ఇంజనును ఒక్కసారిగా చివరంటా రేజు చేస్తారు, వదులుతారు, మళ్లీ చేస్తారు. ఆ వేళ వచ్చిన నల్లపొగ వెలుతురును ఎంత అడ్డుకుంటుందో యంత్రం కొలిచి, సగటు కడుతుంది. పాత జీపు, పాత వ్యాను ఉన్నవారు భయపడేది ఈ రేజింగుకే. పదిహేనేళ్లు అరిగిన ఇంజనును అలా అరిపిస్తే ఏదైనా పగిలితే ఎవరిది పూచీ అని వారు అడగడంలో న్యాయం ఉంది. ఇంజను ఆయిలు బాగా వేడెక్కిన తర్వాతే ఈ పరీక్ష చెయ్యాలన్నది నియమం. చల్లని ఇంజనుతో చేస్తే అంకె ఎక్కువ చూపుతుంది, ఇంజనుకూ హాని. నియమం తెలిసిన యజమాని ఆ మాట అడగవచ్చు. అడిగేవారే తక్కువ.

ఇప్పుడు పాత బండివారిలో నూటికి తొంభైమందికి తెలియని సంగతి ఒకటి. పాత బండిని కొత్త బండి కొలతతో కొలవరు. ఏ కాలపు బండికి ఆ కాలపు హద్దే. 2000 మార్చి 31 లోపు తయారైన రెండు, మూడు చక్రాల బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ నూటికి 4.5 వంతుల దాకా ఉండవచ్చు, హైడ్రోకార్బన్లు పది లక్షల వంతుల్లో 9,000 దాకా ఉండవచ్చు. ఆ తర్వాత వచ్చినవాటికి కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3.5. హైడ్రోకార్బన్లు టూ స్ట్రోక్ అయితే 6,000, ఫోర్ స్ట్రోక్ అయితే 4,500. బీఎస్-2కు ముందు తరం పెట్రోలు కారుకు హద్దు 3 వంతులు, 1,500. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5, 750. బీఎస్-4 కారుకైతే 0.3, 200. డీజిల్ పొగకు పాత బండ్లకు 65 యూనిట్లు, బీఎస్-4 బండ్లకు 50.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేదేమిటి? 1998 నాటి మోటారు సైకిలుకు చట్టం ఇచ్చిన వెసులుబాటు బీఎస్-4 కారుకు ఇచ్చినదానికి పదిహేను రెట్లు. అంత వెసులుబాటు ఉన్నా బండి తప్పిందంటే తప్పు దాని వయసుది కాదు, దాని ఆరోగ్యానిది. కార్బురేటర్‌లో చెత్త చేరి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. పరవాడ రోడ్ల మీద తిరిగే బండికి ఇది కొత్త జబ్బు కాదు. ప్లగ్గు మసిబారి ఉంటుంది. టూ స్ట్రోక్ బండిలో టూ-టీ ఆయిలు ఎక్కువ పోసి ఉంటారు. ఎక్కువ పోస్తే ఇంజనుకు బలమన్నది మన ఊళ్లలో గట్టి నమ్మకం, పొగకూ అదే బలం. డీజిల్ బండిలో నాజిల్ కారుతూ ఉంటుంది, పంపు క్యాలిబ్రేషన్ తప్పి ఉంటుంది. ఒక్క పిస్టన్ రింగులు అరిగిపోయిన ఇంజనును మాత్రం చిన్న రిపేరుతో గట్టెక్కించడం కష్టం. తక్కినవన్నీ ఒక పూట పని.

ఇంకో మాట కూడా ఊళ్లలో వినిపిస్తోంది. 2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోలులో నూటికి ఇరవై వంతుల ఇథనాల్ కలుస్తోంది. దానివల్ల పాత బండి చెడిపోయి పొగ పరీక్ష తప్పుతోందని కొందరి అనుమానం. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్ బండిలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుందే గానీ పెరగదు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు పాడయ్యే అవకాశం మాత్రం ఉంది, వాటిని మార్చుకోవాలి. అనుమానం సగం నిజం, సగం కాదు.

తిరస్కరణ చీటీ ఎవరు చూశారు?

పరీక్ష ఉద్దేశ్యం బండిని పాస్ చెయ్యడం కాదు, పొగను పట్టుకోవడం. పట్టుకున్నాక దాన్ని బాగుచేయించడం. అందుకే 2021 నిబంధనల్లో తిరస్కరణ చీటీ పెట్టారు. ఆ చీటీ తీసుకుని బండివాడు మెకానిక్ దగ్గరకు పోవాలి, మందుల చీటీ పట్టుకుని మందుల షాపుకు పోయినట్టు. కానీ ఊళ్లలో పొల్యూషన్ కాగితం చూసినవారు చాలామంది ఉన్నారు గానీ, తిరస్కరణ చీటీ చూసినవారు దొరకడం కష్టం. అయితే మన బండ్లన్నీ ఆరోగ్యంగానైనా ఉండాలి, లేదా పరీక్ష మొక్కుబడిగానైనా ఉండాలి. లంకెలపాలెం కూడలిలో పది నిమిషాలు నిలబడినవాడికి ఈ రెండింట్లో ఏది నిజమో వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటర్ వచ్చినంతమాత్రాన మొక్కుబడి పోలేదనడానికి ఢిల్లీయే సాక్ష్యం. అక్కడి వాహన కాలుష్యంపై కాగ్ ఇచ్చిన నివేదికను 2025 ఏప్రిల్‌లో శాసనసభ ముందు పెట్టారు. హద్దు దాటి పొగ వదిలిన లక్షకు పైగా బండ్లకు కూడా పాసైనట్టు కాగితాలు ఇచ్చినట్టు అందులో తేలింది. ఒకే కేంద్రంలో ఒకే సమయానికి ఒకటికి మించిన బండ్లను పరీక్షించినట్టు నమోదైన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక్క గొట్టం రెండు సైలెన్సర్లలో ఒకేసారి ఎలా దూరుతుందో ఆ కంప్యూటర్‌కే తెలియాలి. దేశ రాజధానిలో, అన్ని కోర్టుల కళ్లముందు ఇలా జరిగితే, జిల్లా రోడ్డు పక్క వ్యాను సంగతి ఊహించుకోవచ్చు.

దీనికి కుర్రాడిని ఒక్కడినే తప్పుపట్టడం సబబు కాదు. కేంద్రం నడిపేవాడికి డబ్బిచ్చేది బండివాడు. బండి తప్పిస్తే అతను రేపు మరో కేంద్రానికి పోతాడు. పాస్ చేస్తే ఆరు నెలల తర్వాత మళ్లీ ఇక్కడికే వస్తాడు. ఇలాంటి ఏర్పాటులో ఎవరైనా ఏం చేస్తారు? గొట్టాన్ని లోతుగా దూర్చవలసిన చోట అంగుళం దూర్చితే చాలు, బయటి గాలి కలిసి అంకె దిగిపోతుంది. యంత్రం అబద్ధమాడదు, దానికి పెట్టిన మేతే అబద్ధం.

మరోవైపు మెకానిక్ షెడ్డు సంగతి చూద్దాం. అక్కడ అనుభవం ఉంది, యంత్రం లేదు. మెకానిక్ ఇంజనును చెవితో వింటాడు, ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. నల్లగా మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, తెల్లగా ఉంటే తక్కువైందని, ఇటుక రంగులో ఉంటే సరిపోయిందని చెప్పేస్తాడు. ఈ విద్య గొప్పదే. కాని బండివాడు అతన్ని అడిగేది పికప్ కావాలని, లేదా మైలేజీ కావాలని. పొగ తగ్గించమని అడిగినవాడు లేడు. అందుకే పరీక్ష ముందు రోజు కార్బురేటర్ స్క్రూ ఒక చుట్టు తిప్పడం, కాగితం చేతికొచ్చాక మళ్లీ వెనక్కు తిప్పడం అనే ఉపాయం పుట్టింది. ఆరు నెలలకు ఒక్కరోజు మాత్రమే బండి శుభ్రంగా ఉంటుంది.

పరీక్ష ఒకచోట, వైద్యం ఒకచోట, ఆ రెంటికీ మాటల్లేవు. అసలు లోపం ఇదే.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. మనవాళ్లు వేలాదిగా స్థిరపడిన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పొగ పరీక్ష దశాబ్దాలుగా ఉంది. అక్కడ చాలా కార్లను రెండేళ్లకొకసారి పరీక్షకు పెట్టాలి. ఉద్యోగానికి వెళ్లి పాత కారు కొనుక్కున్న ప్రతి తెలుగు కుర్రాడికీ ఇది అనుభవమే. అక్కడా పాత కారు వాళ్లు కంప్యూటర్‌ను తిట్టుకుంటూనే ఉంటారు. అయితే అక్కడ రెండు ఏర్పాట్లు గమనించదగినవి. పరీక్ష మాత్రమే చేసి, రిపేరు చెయ్యని కేంద్రాలు ప్రత్యేకంగా ఉన్నాయి. పొగ ఎక్కువగా ఉండవచ్చని అనుమానమున్న కార్లను ఎంపిక చేసిన కేంద్రాలకే పంపుతారు. పరీక్ష తప్పిన బండి యజమాని తక్కువ ఆదాయం కలవాడైతే రిపేరు ఖర్చులో ప్రభుత్వం సాయం చేస్తుంది, లేదా బండిని వదులుకుంటే డబ్బిస్తుంది. 1975, అంతకుముందు తయారైన పెట్రోలు కార్లకు పరీక్షే మినహాయించారు, అవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి కాబట్టి. మన దగ్గర తప్పినవాడికి దక్కేది చలానా ఒక్కటే. కాలిఫోర్నియాతో మనకు పోటీ ఏమిటని అనవచ్చు. డబ్బులో పోటీ లేకపోవచ్చు, ఆలోచనలో ఎందుకు ఉండకూడదు?

వయసుకు శిక్షా? పొగకు శిక్షా?

ఇదిలా ఉండగా ప్రభుత్వాల నడక చూస్తే తమ యంత్రాన్ని తామే నమ్ముతున్నట్టు కనిపించదు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుంను 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు, మోటారు సైకిలుకు 300 నుంచి 1,000కి పెంచారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకు పదివేలు, మోటారు సైకిలుకు రెండు వేలు చేశారు. అదే ఏడాది నవంబరులో రవాణా వాహనాల ఎఫ్‌సీ రుసుములు వయసును బట్టి పెరిగాయి. ఇరవై ఏళ్లు దాటిన పెద్ద లారీకి 25,000 రూపాయలు, మూడు చక్రాల బండికి 7,000 రూపాయలు అన్నారు. లారీ యజమానులు గగ్గోలు పెట్టారు. ఆటోవాళ్ల గొంతు అంతగా వినిపించలేదు, వారికి దెబ్బ తక్కువని కాదు.

ఎఫ్‌సీ పరీక్ష కూడా బ్రేక్ ఇనస్పెక్టర్ చేతి నుంచి యంత్రాల చేతికి పోతోంది. కేంద్రం 2021 సెప్టెంబరులో స్వయంచాలిత పరీక్షా కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. బ్రేకులు, లైట్లు, చక్రాల వాటం, పొగ అన్నీ యంత్రమే చూస్తుంది. మనిషి దయాదాక్షిణ్యాల కంటె యంత్రం మేలన్నది నిర్వివాదాంశం. కానీ యంత్రమే అన్నీ తేల్చి చెబుతున్నప్పుడు వయసును బట్టి రుసుం దేనికి? పన్నెండేళ్ల ఆటోను కంటికి రెప్పలా చూసుకుని తక్కువ పొగతో నడిపేవాడూ, ఆరేళ్ల ఆటోను పాడుచేసి నల్లపొగ కక్కించేవాడూ ఉన్నారు. మొదటివాడికి రుసుం, రెండోవాడికి కాగితం. ఇలాగైతే బండిని బాగా చూసుకోవాలన్న బుద్ధి ఎవరికి పుడుతుంది?

ఢిల్లీలో ఈ వయసు లెక్క ఎంత గందరగోళానికి దారితీసిందో అందరూ చూశారు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని హరిత ట్రిబ్యునల్ 2015లో అంది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో పెట్రోలు పోయవద్దన్నారు. కెమెరాలు పెట్టారు, పోలీసులను నిలబెట్టారు, రోజుల్లోనే వెనక్కు తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి కఠిన చర్య తీసుకోవద్దని చెప్పి, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై రకాలకే పరిమితం చేసింది. అక్కడి తగవు తీరేలోగా మన బండ్లకు మరో రెండేళ్ల వయసు పెరుగుతుంది.

పోతే, ఈ మండలంలో పొగ మాట ఎత్తితే ప్రతివాడూ తల ఎత్తి చూసేది చిమ్నీల వైపు. అది సహజం. సింహాద్రి విద్యుత్ కేంద్రం రెండు వేల మెగావాట్లది, బొగ్గుతో నడుస్తుంది. దాని బూడిద లారీల మీద రోడ్డెక్కుతుంది. పక్కన జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ. అక్కడి వాసనలు భరించలేక ఊరిని వేరేచోటికి తరలించమని ఏళ్ల తరబడి మొరపెట్టుకున్న గ్రామం తాడి. 2020 జూన్‌లో ఫార్మాసిటీలోని ఒక మందుల కర్మాగారంలో విషవాయువు లీకై ఇద్దరు మరణించారు. దేశంలో కాలుష్యం తీవ్రంగా ఉన్న పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో 2009లోనే విశాఖపట్నం చేరింది. మా మోపెడ్ వల్లనేనా ఈ గాలి పాడయింది అని ఇక్కడి రైతు అడిగితే ఎదురు జవాబు చెప్పడం తేలిక కాదు.

అందులోనూ ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దేశంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకపు పొగకు కేంద్రం 2015 డిసెంబరులో హద్దులు విధించి, రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువు మళ్లీ మళ్లీ పొడిగించి, 2025 జులైలో దేశంలోని ఎక్కువ కేంద్రాలను గంధకం తొలగించే యంత్రాల బాధ్యత నుంచి మినహాయించింది. మోపెడ్‌వాడికి ఆరు నెలలు, చిమ్నీవాడికి పదేళ్లు. పాత బండి యజమాని కడుపుమంటకు మూలం ఇక్కడే ఉంది.

అలాగని చిమ్నీ ఉంది కాబట్టి ఆటో పొగ మంచిదై పోదు. చిమ్నీ పొగ వందల అడుగుల ఎత్తున బయలుదేరుతుంది. ఆటో పొగ వెనక సైకిలు మీద పోయే పిల్లవాడి ముక్కు ఎత్తులోనే వస్తుంది. దాన్ని రోజుకు పది గంటలు అందరికంటె ఎక్కువ పీల్చేవాడు ఆ ఆటో డ్రైవరే. వాహనాల పొగను అదుపు చెయ్యలేమన్నదీ నిజం కాదు. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. అది పిల్లల మెదళ్లకు విషం. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. దానికోసం ఏ మోపెడ్‌వాడినీ రోడ్డు మీద ఆపలేదు, ఏ కాగితమూ అడగలేదు. మార్పు శుద్ధి కర్మాగారంలో జరిగింది.

బండి పొగ విషయంలో కూడా జరగవలసిన మార్పు రోడ్డు మీద కంటె షెడ్డులో ఎక్కువ ఉంది. మండల కేంద్రంలో నెలకొక రోజు రవాణా శాఖ శిబిరం పెట్టి, పేరు మార్పు, ఫోను నంబరు నమోదు, పొగ పరీక్ష మూడూ ఒకేచోట చేయిస్తే సగం తిప్పలు తీరతాయి. ఆ శిబిరంలోనే చుట్టుపక్కల షెడ్ల మెకానిక్కులను కూర్చోబెట్టి, స్క్రూ తిప్పినకొద్దీ యంత్రంలో అంకె ఎలా పడిపోతుందో వారికే చూపించాలి. చెవితో ఇంజను వినగలిగినవాడికి అంకె చదవడం ఒక లెక్కా? తప్పిన బండికి చలానా బదులు పదిహేను రోజుల గడువు, రెండోసారి పరీక్షకు రుసుం లేకుండా వెసులుబాటు ఇస్తే తిరస్కరణ చీటీని దాచవలసిన అవసరం ఎవరికీ ఉండదు. వీటికి కోట్లు అక్కరలేదు.

ఈలోగా బండివారు తమంతట తాము చేసుకోగల పని కూడా ఒకటుంది. పొల్యూషన్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకునే ముందు ఒక్కసారి చదవడం. అందులో ప్రతి వాయువుకూ ఎదురుగా రెండు అంకెలుంటాయి. ఒకటి ఆ బండికి చట్టం పెట్టిన హద్దు, రెండోది ఆ రోజు యంత్రం కొలిచినది. కాగితం పోయినా దిగులు లేదు, బండి నంబరు, ఛాసిస్ నంబరులో చివరి అయిదు అంకెలు ఉంటే ప్రభుత్వ పరివాహన్ ఖాతా నుంచి మళ్లీ తీసుకోవచ్చు. పోయినసారి కాగితాన్ని, ఈసారి కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. అంకె పెరిగితే షెడ్డుకు పోవలసిన వేళయినట్టు. ఆరు నెలలు తిరిగిన బండికి రెండు కాగితాల్లోనూ చుక్క తేడా లేకుండా ఒకే అంకె పడి ఉంటే, ఆ గొట్టం సైలెన్సర్‌లో నిజంగా పెట్టారో లేదో యజమాని గుర్తు చేసుకోవాలి.